పాత చిన్న విమానాల్లో వైరింగ్ కాలకుండా ఏం చేస్తారు?

నాగార్జునసాగర్ వైపు తిరిగే శిక్షణ విమానాలను చూసి, అంత పాతవాటిలో వైర్లు కాలిపోవా అని ఒకరు అడిగారు.

కాలే ప్రమాదం ఉంది. సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం తయారీ 1985లోనే ఆగిపోయింది. అన్నేళ్లకు వైర్ల ఇన్సులేషన్ ఎండి పగులుతుంది, ఇంజిన్ అదురుకు పక్క రేకుకు ఒరుసుకుంటుంది. అందుకే ఎగిరిన గంటల లెక్కన జరిగే తనిఖీల్లో ప్యానెల్ వెనక వైర్లు, క్లాంపులు, బ్యాటరీ కేబుళ్లు జాగ్రత్తగా చూడాలి. ఒక మోడల్‌లో లోపం బయటపడితే ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్ (విమానయాన అధికారుల తప్పనిసరి ఆదేశం) వస్తుంది. అది పాటించకుండా ఎగరడానికి వీల్లేదు.

అసలు తంటా సర్క్యూట్ బ్రేకర్‌తోనే, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్‌తో. బోరు మోటారు ఫ్యూజు పోతే మందం తీగ చుట్టేస్తాం కదా (నేనూ చుట్టాను), ఆ బుద్ధి అక్కడ పనికిరాదు. బ్రేకర్ ఉన్నది ముఖ్యంగా వైరును కాపాడటానికి.

2007 జూలైలో అమెరికాలోని శాన్‌ఫర్డ్‌లో సెస్నా 310 ఇళ్లపై కూలి ఐదుగురు చనిపోయారు. ముందురోజు పైలట్ కాలిన వాసన వచ్చిందని రాడార్ బ్రేకర్ లాగేసి, ఆ సంగతి రాసిపెట్టాడు. రిపేరు చేయకుండానే మర్నాడు ఎగరనిచ్చారు. బ్రేకర్ మళ్లీ నొక్కితే పాడైన వైరుకే కరెంటు వెళ్తుంది. అత్యవసరం కాని సర్క్యూట్ బ్రేకర్ పడిపోతే గాలిలో మళ్లీ నొక్కొద్దని పైలట్లకు చెప్పేది ఇందుకే.