నాయకుల మాట అన్నం డబ్బా దాకా వస్తుంది

వలస వచ్చినవారిపై జనాభిప్రాయాన్ని నాయకుల మాటలు నిజంగా మారుస్తాయా అని అడిగారు. మారుస్తాయి, అదీ రాత్రికి రాత్రే. ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు అరగంట దూరంలో ఒక వేర్‌హౌస్‌లో పనిచేస్తూ నేను కళ్ళారా చూశాను.

2024 సెప్టెంబరు 10 రాత్రి అధ్యక్ష అభ్యర్థుల చర్చలో, స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వలస వచ్చినవారు స్థానికుల పెంపుడు కుక్కలనూ పిల్లులనూ తింటున్నారని డొనాల్డ్ ట్రంప్ అన్నారు. ఆ వచ్చినవారిలో ఎక్కువమంది కరీబియన్ దేశమైన హైతీ వాళ్ళు. నమ్మదగిన ఫిర్యాదు ఒక్కటీ లేదని నగర అధికారులు చెప్పారు. ట్రంప్ పార్టీకే చెందిన ఒహాయో గవర్నర్, ఆ ఊళ్ళోనే పుట్టిన మైక్ డివైన్ కూడా ఆధారం లేదన్నారు. అయినా తరువాతి రోజుల్లో ఆ ఊరికి 30కి పైగా బాంబు బెదిరింపులు వచ్చి, బడులు ఖాళీ చేయించవలసి వచ్చింది.

చర్చ జరిగిన మర్నాడు మధ్యాహ్నం, రోజూ నా ఎదురుగా కూర్చునే హైతీ సహోద్యోగి డబ్బా మూత తీశాడు. అన్నం, ఎర్ర చిక్కుడు గింజలు, వేయించిన అరటికాయ, నాలుగు మాంసం ముక్కలు, పిక్లీజ్ అనే ఘాటైన క్యాబేజీ ఊరగాయ. ఆ ఊరగాయ నాకు రెండు చెంచాలు వడ్డించనిదే అతడు ఏనాడూ ముద్ద ముట్టలేదు. పక్క బల్ల నుంచి ఒకతను "అదేం మాంసం?" అని అడిగాడు. ఎవరో నవ్వారు. అతడు జవాబివ్వకుండా మూత పెట్టి, నాలుగు వైపులా క్లిప్పులు నొక్కి, డబ్బాను సంచిలో దాచుకున్నాడు. నేనూ నోరు మెదపలేకపోయాను. అప్పటినుంచి అతడు కారులోనే తింటున్నాడు. అడిగినతను చెడ్డవాడు కాడు. అంతకు ముందు చలికాలంలో ఈ హైతీ సహోద్యోగి కారు మంచులో కూరుకుపోతే భుజం ఆనించి తోసినవాడు అతడే.

నన్ను ఎక్కువగా బాధించింది మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు. అక్కడ కుక్కపిల్ల బొమ్మతో వెటకారం పెట్టి, "మనం వీసాతో వచ్చాం, వాళ్ళు దొంగదారిన వచ్చారు" అని రాశారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హైతీ వాళ్ళలో అత్యధికులు అప్పుడు టీపీఎస్ (స్వదేశంలో సంక్షోభం వల్ల తిరిగి వెళ్ళలేనివారికి అమెరికా ఇచ్చే తాత్కాలిక రక్షణ) వంటి అనుమతులతో చట్టబద్ధంగానే ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో, "నా దేశం నుంచి పొండి" అని అరిచి ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు అతణ్ణి ఇరానీ అనుకున్నాడు; ఆ ఇంజనీరు వీసా సక్రమంగానే ఉంది. ఈ మాటే గ్రూపులో రాశాను. ఇద్దరు ముగ్గురు చేతులు జోడించిన గుర్తు పెట్టారు. ఆ బొమ్మను మాత్రం పెట్టినాయన ఇప్పటికీ తీయలేదు.