సందేహాలు – సమాధానాలు: ప్రళయం తర్వాతి నవలను ‘సిఫారసు’ చేయవచ్చా?

సందేహం: నాకు బాగా నచ్చిన ఒక నవల గురించి ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ కలిపి ఒక సందేశం పంపాను. ‘నా ఇష్టమైన ప్రళయానంతర నవలను మీ అందరికీ గట్టిగా సిఫారసు చేస్తున్నాను’ అని రాశాను. మా బాబాయి రెండు అభ్యంతరాలు చెప్పారు. సిఫారసు మనుషుల కోసం చేస్తారు గాని పుస్తకానికి చేయడమేమిటన్నది ఒకటి. ప్రళయం వచ్చాక ఎవరూ మిగలరు కదా, ఇక నవల ఎవరి గురించి అన్నది రెండోది. ఆయన మాట సరైనదేనా? ఆ వాక్యాన్ని ఎలా రాయాల్సింది? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండో అభ్యంతరంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది మాట మూలాన్ని తడిమే ప్రశ్న. ప్రళయంలో ఉన్నది లయం, అంటే కరిగి లీనమైపోవడం. ‘సంవర్తః ప్రళయః కల్పః క్షయః కల్పాంత ఇత్యపి’ అని అమరకోశం ఈ మాటలను ఒకే వరసలో కూర్చింది. కల్పం బ్రహ్మకు ఒక పగలు. మన లెక్కలో 432 కోట్ల సంవత్సరాలు. అది ముగిసిన చోట ఏముంటుందో పోతన గజేంద్రుడి నోట చెప్పించాడు: ‘లోకంబులు లోకేశులు లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెంజీకటి’. లోకాలూ లేవు, వాటిని ఏలేవాళ్లూ లేరు, వాటిలో బతికేవాళ్లూ లేరు. మీ బాబాయిగారి మనసులో ఉన్న ప్రళయం ఇదే. ఆ పెంజీకటికి అవతల వెలిగే పరమాత్మను కొలవడానికి పద్యం ఉంటుంది గాని, నవలకు కావలసిన పాత్ర ఒక్కటీ ఉండదు. ఆ లెక్కన ఆయన అన్నది నిజమే.

అయితే గజేంద్రుడి కథ ఉన్న భాగవతం అష్టమ స్కంధంలోనే చివరికి వస్తే మత్స్యావతార కథ ఉంది. అక్కడా ప్రళయమే వస్తుంది, సముద్రాలు పొంగి లోకాలను ముంచుతాయి. కానీ సత్యవ్రతుడనే రాజు ఓషధులనూ విత్తనాలనూ ఓడలోకి ఎక్కించుకుని, సప్తర్షులతో కలిసి ఆ నీళ్ల మీద తేలుతాడు. వాసుకిని తాడుగా చేసి ఓడను చేప కొమ్ముకు కడతారు. ఆ రాజే తర్వాత వైవస్వత మనువు అవుతాడు. అంటే ప్రళయం దాటి బతికినవాళ్లు, వాళ్లు వెంట తీసుకుపోయిన గింజలు, మళ్లీ మొదలుపెట్టిన బతుకు – మీ నవలకు కావలసిన సామగ్రి అంతా మన పురాణంలోనే ప్రళయం పేరుతోనే ఉంది. ప్రళయం ఒక్కటి కాదు. నిత్య, నైమిత్తిక, ప్రాకృతిక, ఆత్యంతిక ప్రళయాలని భాగవతమే నాలుగు రకాలు చెబుతుంది. బాబాయిగారికి గజేంద్రుడి పద్యం గుర్తొచ్చినట్టుంది. మీరు సత్యవ్రతుణ్ని గుర్తు చేయండి.

ఈ తరహా నవలల్లో ప్రపంచం లయం కాదు, కూలుతుంది. ఏలేవాళ్లు పోతారు, ఏలుబడి పోతుంది. బతికేవాళ్లు కొందరు మిగులుతారు. మనుషులందరినీ మహమ్మారి మింగేశాక ఒక్కడు మిగిలే కథను మేరీ షెల్లీ 1826లోనే నవలగా రాశారు. ఒక్క లోకస్థుడు మిగిలినా కథ నడుస్తుంది. పైగా ఇప్పటి వాడుకలో ప్రళయం అంటే మహా విపత్తు అనే అర్థమే ముందుకు వచ్చింది. వరద ఊళ్లను ముంచితే జలప్రళయం అంటున్నాం, ఆ మర్నాడు ఆ ఊళ్లలో మిగిలినవాళ్ల గురించీ రాస్తున్నాం. కాబట్టి ‘ప్రళయానంతర నవల’ తప్పు కాదు. వ్యాసంలోనో, పుస్తకాల జాబితాలోనో నిక్షేపంగా వాడవచ్చు.

కొందరు ‘యుగాంతం’ అంటారు. 2012 డిసెంబరు 21తో లోకం ముగుస్తుందన్న ప్రచారం నడిచిన రోజుల్లో ఈ మాటే అందరి నోళ్లలో నలిగింది. నిజానికి ఒక యుగం ముగిస్తే ఇంకో యుగం మొదలవుతుంది, లోకం ఉంటుంది. అర్థం చూస్తే ఈ నవలలకు ఇదే దగ్గర. కానీ ‘తర్వాత’ అన్న భావం చేర్చాలంటే ‘యుగాంతానంతర’ అనాలి. అంతం, అనంతరం ఒకదాన్నొకటి ఒరుసుకుని చెవికి ఇబ్బందిగా ఉంటుంది. అందుకని నేను ప్రళయానంతరానికే ఓటేస్తాను. అనంతరం అంటే మొదట్లో ‘అంతరం లేకుండా, వెనువెంటనే’ అని అర్థం. విపత్తు జరిగి ఇరవై ఏళ్లు గడిచాక మొదలయ్యే కథకు అది అతకదని ఎవరైనా అనవచ్చు. స్వాతంత్ర్యానంతరం, యుద్ధానంతరం అంటూ ఎంత దూరానికైనా వాడుతూనే ఉన్నాం కనుక ఆ పట్టింపు ఇప్పుడు అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు మాత్రం ఆ సమాసం దేనికండీ? తెలుగులో క్రియకు ‘ఆక’ చేరిస్తే చాలు: ‘లోకం కూలిపోయాక మిగిలినవాళ్ల కథ’. ఇది విన్నవాళ్లు ‘మిగిలినవాళ్లు ఏమయ్యారు?’ అని అడుగుతారు. ‘ప్రళయానంతర నవల’ అంటే ‘అంటే ఏమిటి?’ అని అడుగుతారు. మీకు కావలసింది మొదటి ప్రశ్న.

ఇక సిఫారసు. దరఖాస్తు, ఫిర్యాదు, హాజరు లాంటి మాటల్లాగే ఇదీ ప్రభుత్వ కచేరీల దారిన మనకు దక్కిన మాట. పారసీ నుంచి వచ్చింది. దానిలో ముగ్గురు ఉంటారు: చెప్పేవాడు, చేసిపెట్టే అధికారం ఉన్నవాడు, మేలు పొందేవాడు. ‘మావాడికి కాస్త సిఫారసు చేయండి’ అన్న వాక్యంలో ముగ్గురూ కనిపిస్తారు. మీ వాక్యంలో చూడండి, అధికారం మీ బాబాయిగారిది, మేలు నవలకు. మీరు చెప్పాలనుకున్నది దీనికి తిరగేసి ఉంది: నవల వల్ల ఆయనకు మేలు జరగాలని. ఆయన చెవికి తేడా తట్టింది ఇక్కడే. కమిటీ సిఫారసులు, వైద్యుల సిఫారసు అన్నవి స్థిరపడిపోయాయి కాబట్టి పుస్తకానికి వాడితే వ్యాకరణం ఆక్షేపించదు. అయినా ఆ మాటకు దస్త్రం వాసన వదల్లేదు. సొంతమనిషితో మాట్లాడుతూ ‘గట్టిగా సిఫారసు చేస్తున్నాను’ అంటే మధ్యలో బల్ల వేసినట్టవుతుంది. ‘గట్టిగా’ అన్నది ఇంగ్లీషు వాక్యం నుంచి వచ్చింది, దాన్ని తీసేయండి.

మరి ఏమనాలి? దీనికి మన భాషలో ఒక నామవాచకం వెతుక్కోవడం దండగ. తెలుగు ఈ పని క్రియతో చేస్తుంది, అదీ ఎదుటి మనిషిని బట్టి. ‘చదువు’ పక్కన చేరే చిన్న మాట ఏదన్నదాన్ని బట్టి ఆజ్ఞ, ఆశ, చొరవ, గౌరవం అన్నీ మారిపోతాయి. ‘చదివి తీరాలి’ అంటే వదిలిపెట్టనని. స్నేహితుడి దగ్గర ఆ చనువు చెల్లుతుంది, పెద్దల దగ్గర చెల్లదు. ‘చదవదగిన నవల’ అంటే పుస్తకం యోగ్యతను గురించి మాట్లాడి ఊరుకున్నట్టు. ‘చదవాల్సిన నవల’ అంటే చదివేవాళ్ల మీద బాధ్యత పెట్టినట్టు. ఈ రెంటినీ ఒకటిగా వాడేస్తున్నారు గాని తేడా తెలిసి వాడితే వాక్యానికి బలం వస్తుంది. ‘చదివి చూడు’లో చూడు కంటితో చూడటం కాదు, ప్రయత్నించడం. నచ్చకపోతే వదిలేయవచ్చన్న వెసులుబాటు అందులోనే ఉంది. చీకటి కథ చదవమని అడిగేటప్పుడు ఆ వెసులుబాటు ఇవ్వడం మర్యాద కూడా. చావులు, ఆకలి, పాడుపడ్డ ఊళ్లు అందరి మనసుకూ అన్ని వేళలా సరిపడవు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘చదువుదురు గాని’. ‘చూద్దువు గాని రా’, ‘మాట్లాడుదురు గాని కూర్చోండి’ అంటాం కదా, ఆ రూపం. ఎదుటివాళ్లతో మాత్రమే వాడేది. ఇది ఆజ్ఞ కాదు, బతిమాలడమూ కాదు, ‘మీకు ఆ అవకాశం నేను కల్పిస్తాను, తీరిక మీది’ అని మాట ఇవ్వడం. ‘పుస్తకం పంపిస్తాను బాబాయ్, నెమ్మదిగా చదువుదురు గాని’ అన్న వాక్యానికి సరితూగే మాట సిఫారసు చుట్టూ ఎంత తిరిగినా దొరకదు. ఈ రూపం ఇళ్లలో వినిపిస్తోంది గాని రాతలో తగ్గిపోతోంది. మీలాంటివాళ్లు సందేశాల్లో రాస్తే నిలబడుతుందని నా ఆశ.

మీరు అడగనిది ఒకటి. ‘నా ఇష్టమైన నవల’ అనకూడదు, ‘నాకు ఇష్టమైన నవల’ అనాలి. నచ్చడం, ఇష్టం కావడం, గుర్తుండటం మనకు ‘కు’తోనే జరుగుతాయి. ‘నా అభిమాన రచయిత’ సరే; అభిమానం మీది, ఆయన మీద చూపిస్తున్నారు.

అందరికీ ఒకే సందేశం పంపారు కనుక గౌరవ బహువచనంలో ఉంచి, ఇలా రాస్తే సరిపోయేది: ‘నాకు ఎంతో నచ్చిన నవల ఇది. లోకం కూలిపోయాక మిగిలిన కొద్దిమంది కథ. మనసును కాస్త కలచివేస్తుంది, అయినా ఒకసారి చదివి చూడండి. కావాలన్నవాళ్లకు నా ప్రతి పంపిస్తాను.’ బాబాయిగారికి విడిగా రాసేటప్పుడు ‘చదువుదురు గాని’ వాడండి. స్నేహితురాలికైతే ‘నువ్వు చదివి తీరాలి, చదివాక మాట్లాడుకోవాలి’ అన్నా ఏమీ అనుకోదు.