చిన్నీ, కారు బుక్ చేసే ముందు

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్ రెండుసార్లు చదివాను. ఫోన్‌లో చెప్పొచ్చు గానీ, షోరూమ్‌లో ఏసీ కింద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, తెర మీద కారు రంగులు మార్చి చూపిస్తుంటే నేను చెప్పింది ఒక్కటీ గుర్తుండదు. అందుకే రాస్తున్నాను. ఇది దగ్గర పెట్టుకుని వెళ్లు.

ముందు ఒక మాట. "అంత పికప్ ఉన్న బండి దానికెందుకు" అని మీ నాన్న అన్నాడని నువ్వు మనసు చిన్నబుచ్చుకున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు బెంగళూరులో కార్ల వర్క్‌షాపులో చేసినవాణ్ణి, నా మాట విను. గట్టి బ్రేకులు, తూలని స్టీరింగ్, లారీని దాటేటప్పుడు మధ్యలో చతికిలబడని ఇంజన్ ఉన్న చిన్న కారు ప్రమాదకరమైంది కాదు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆ సంగతి నాకు వదిలెయ్.

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ అనుకోవడం బాగుంది. స్విఫ్ట్ కూడా చూశానన్నావు. స్విఫ్ట్ తేలికైన బండి, సందుల్లో చేప పిల్లలా తిరుగుతుంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు. అక్కడ గాలి పలచన. టర్బో లేని ఇంజన్ చెన్నైలో ఇచ్చే బలంలో పదో వంతు దాకా అక్కడ తగ్గిపోతుంది. స్విఫ్ట్ ఇంజన్ బలం కాగితం మీద 82 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), అందులోంచి ఆ కోత పోవాలి. టర్బో ఇంజన్ గాలిని తనే కుక్కుకుంటుంది కాబట్టి ఆ కోత పెద్దగా తెలియదు. ఎన్ లైన్‌లో ఉన్నది ఒక లీటరు టర్బో, 120 పీఎస్. నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుని, మన హార్స్‌లీ కొండ ఘాట్ ఎక్కినప్పుడు ఈ తేడా నీ కాలికి తెలుస్తుంది.

ఇప్పుడు కొటేషన్‌లోకి వద్దాం. పై వేరియంట్, డీసీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, రెండు రంగుల బాడీ, 48 వేల యాక్సెసరీస్, వాళ్ల ఇన్సూరెన్స్, హ్యాండ్లింగ్ ఛార్జీ. ఇందులో నువ్వు అడిగింది ఎంత, వాళ్లు రాసింది ఎంత? పెన్ను తీసుకుని ఒక్కో వరస పక్కన ఒకే ప్రశ్న వేసుకో: "ఇది తర్వాత పెట్టించుకోగలనా?" సీటు కవర్లు రేపైనా వేయించుకోవచ్చు. స్పీకర్లు వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, నీ ఒంటికి సరిపడా జరిగే సీటు, స్టీరింగ్... ఇవి ఫ్యాక్టరీ గేటు దాటాక ఎంత డబ్బు పోసినా రావు. డబ్బంతా ముందు అక్కడికి పోవాలి.

గేర్‌బాక్స్ సంగతి. అందరూ ఆటోమేటిక్ తీసుకోమన్నారు అన్నావు. ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ రెండు గంటలు పాకేవాళ్లకి నేనూ అదే చెబుతాను. కానీ నువ్వు విజయనగర్‌లో మెట్రో ఎక్కి వైట్‌ఫీల్డ్‌లో దిగుతున్నావు. కారు నీకు శని, ఆదివారాలకి, మదనపల్లెకి రావడానికి. అలాంటప్పుడు వేలకు వేలు ఎక్కువ పెట్టి డీసీటీ ఎందుకు? దాంట్లో ఉన్నది పొడి క్లచ్‌లు, రెండు. హైవే మీద గేర్లు మారేది తెలియనే తెలియదు, అంత బాగుంటుంది. అదే సిల్క్ బోర్డు దగ్గర అడుగడుగూ జరుగుతుంటే ఆ క్లచ్‌లు రాసుకుంటూ వేడెక్కుతాయి. ఎత్తు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్లకైతే మరీ తొందరగా. నీ చేతికి ఆరు గేర్ల మాన్యువల్ వస్తుంది. ఇష్టపడి కొనుక్కుంటున్న బండి, గేరు నీ చేత్తో వేస్తేనే ఆ సంతోషం పూర్తిగా దక్కుతుంది. ఇది నా అభిప్రాయం, నీ మోకాలు ఏమంటుందో కూడా అడుగు. టెస్ట్ డ్రైవ్‌లో క్లచ్ ఇరవైసార్లు తొక్కి చూడు.

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కాదు. నువ్వు కొనబోయే గేర్‌బాక్స్ ఉన్న బండే కావాలని ముందురోజే ఫోన్ చేసి చెప్పు. మాన్యువల్ లేదు, డీసీటీ నడపండి, రెండూ ఒకటే అంటారు. ఒకటి కాదు. ఇద్దరు స్నేహితుల్ని వెనక కూర్చోబెట్టు. ఏసీ వెయ్యి. పాడైన రోడ్డు మీదకి తీసుకెళ్లు, మంచి రోడ్డు మీద అన్ని కార్లూ బాగానే ఉంటాయి. ఒక ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులోనే ఉంచి నెమ్మదిగా తొక్కు. టర్బో అందుకోవడానికి ఒక క్షణం తీసుకుంటుంది, ఆ క్షణం నువ్వు భరించగలవా లేదా అని అక్కడ తేల్చుకో.

సీటు దగ్గర తొందరపడొద్దు. నువ్వు అయిదడుగుల రెండంగుళాలు. సీటు ముందుకి లాక్కుని స్టీరింగ్‌కి ఆనుకుని కూర్చుంటావు, నేను చూశాను. ఎయిర్‌బ్యాగు అక్కడ్నించే పేలుతుంది చిన్నీ. ఛాతీకి, స్టీరింగ్ మధ్యభాగానికి కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు కన్నా కాస్త ఎక్కువ ఖాళీ ఉండాలి. వీపు, భుజాలు సీటుకి పూర్తిగా ఆనించి చెయ్యి ముందుకి చాపు, మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి. క్లచ్ అడుగుదాకా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. ఇవన్నీ ఒకేసారి కుదరాలంటే సీటు ఎత్తు మారాలి, స్టీరింగ్ పైకీ కిందకీ మాత్రమే కాదు, నీ వైపుకీ జరగాలి. నువ్వు కొనే వేరియంట్‌లో అది ఉందో లేదో కాగితంలో చూడొద్దు, చేత్తో లాగి చూడు. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారిపోకుండా పట్టే ఈఎస్‌సీ ఈ బండికి కింది వేరియంట్ నుంచే ఉన్నాయి, కాబట్టి వాటి కోసం పైకి వెళ్లనక్కర్లేదు. పైదానిలో వచ్చేది ప్రధానంగా పెద్ద తెర, బోస్ స్పీకర్లు, వైర్‌లెస్ ఛార్జింగ్ లాంటివి.

వేరియంట్ విషయంలో షోరూమ్‌వాళ్లు చెప్పని లెక్క ఒకటుంది. కర్ణాటకలో లైఫ్ టాక్స్ దేశంలోనే బాగా ఎక్కువ. బండి ధర అయిదు నుంచి పది లక్షల మధ్య ఉంటే 14 శాతం, పది దాటితే 17 శాతం. దాని మీద సెస్. దాటిన ముక్క మీద కాదు, మొత్తం ధర మీద. 9 లక్షల 90 వేల బండికి పన్ను 1,38,600 అయితే, 10 లక్షల 10 వేల బండికి 1,71,700. ధరలో తేడా 20 వేలు, పన్నులో తేడా 33 వేలు! పైగా పది లక్షలు దాటితే షోరూమ్‌వాళ్లు ఒక శాతం టీసీఎస్, అంటే ముందస్తు ఆదాయపు పన్ను, కూడా వసూలు చేస్తారు. అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో సర్దుకోవచ్చు, కాగితం పారేయొద్దు. ఇప్పుడు చెప్పు, పాటలు వినడానికి అంత పెట్టాలా? పెట్టాలనిపిస్తే పెట్టు, నీ సంపాదన. తెలిసి పెట్టు, అంతే.

కేంద్రం జీఎస్టీ మాత్రం 2025 సెప్టెంబరులో తగ్గించింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉన్నవాటికి 18 శాతం. నీ బండి అందులోకే వస్తుంది.

మదనపల్లెలో రిజిస్టర్ చేయించి పన్ను మిగుల్చుకుందామని మీ అన్న అన్నాడట. వద్దు. బండి తిరిగేది బెంగళూరులో. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాల్సిందే, చట్టం అది. నాలుగురోజులకొకసారి చెకింగ్‌లో ఆగి సంజాయిషీ చెప్పుకునే టెన్షన్ నీకు అక్కర్లేదు.

చక్రాల మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే స్పోర్టీ బండి కొన్న పిల్లలు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది అక్కడే. నీ బండికి వచ్చేది 16 అంగుళాల అల్లాయ్, 195/55 టైరు: వెడల్పు 195 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 55 శాతం. అంటే రిమ్‌కీ రోడ్డుకీ మధ్య రబ్బరు గోడ 107 మిల్లీమీటర్లు. కారు సామాన్ల షాపులుండే జేసీ రోడ్డు మీద 17 అంగుళాలవి, 205/45 వేసేస్తామంటారు. లుక్ అదిరిపోతుంది, నిజమే. గోడ మాత్రం 92 మిల్లీమీటర్లకి దిగుతుంది. మా వర్క్‌షాపుకి అలా మార్పించిన కారు ఒకటి వర్షాకాలంలో వచ్చింది. కుర్రాడు నీళ్లు నిండిన గుంతని చూడలేదు. టైరు పక్కన నిమ్మకాయంత బుడ్డ లేచింది. లోపల దారాలు తెగిపోయాయన్నమాట. చక్రం విప్పి నేల మీద దొర్లిస్తే తాగినవాడిలా ఊగుతూ వెళ్లింది, రిమ్ లోపలి అంచు నా బొటనవేలు పట్టేంత నొక్కుకుపోయింది. ఆ అబ్బాయి దాని మీదే నాలుగురోజులు నడిపాడు, స్టీరింగ్ వణుకుతుంటే అలైన్‌మెంట్ అనుకున్నాడట. ఆ బుడ్డ హైవే మీద పగిలి ఉంటే... కంపెనీ ఇచ్చిన సైజే ఉంచుకో. డబ్బులు మిగిలితే టైర్లు అరిగాక అదే సైజులో మంచి పట్టు ఉన్నవి వేయించు. స్పోర్ట్స్ బండికి నేను చెప్పే మొదటి అప్‌గ్రేడ్ అదే. స్టెప్నీ ఏ సైజు ఇస్తున్నారో కూడా డిక్కీ తెరిపించి చూడు.

సైలెన్సర్ మార్పించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. దాని శబ్దం దానికి బాగానే ఉంది.

యాక్సెసరీస్ 48 వేలు మొత్తం కొట్టేయించు. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు తీసుకో, చాలు. అండర్‌బాడీ కోటింగ్, సీటు కవర్లు, డోరు వైజర్లు, ఏమీ వద్దు. సీటు కవర్ల విషయంలో మరీ జాగ్రత్త, పక్క ఎయిర్‌బ్యాగు సీటు అంచులోంచి వస్తుంది, దాని మీద మందపాటి కవరు కుట్టి మూసేస్తారు. వైరు కత్తిరించి పెట్టేది ఏదీ, ఉచితమన్నా, వద్దను. 2015లో నేను కొన్న కారుకి షోరూమ్‌లో రివర్స్ కెమెరా బిగించి ఇచ్చారు. నేను ఈ పనిలో ఉండి కూడా విప్పి చూసుకోలేదు. ఎనిమిది నెలలకి, మీ అమ్మమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన రోజు తెల్లవారుజామున తాళం తిప్పితే టిక్కు టిక్కుమంది. బ్యాటరీ చచ్చిపోయింది. ఆటో కోసం ఆమెని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను, ఆ చలిలో. తర్వాత డిక్కీ పక్క ప్లాస్టిక్ విప్పితే, లైటు వైరుని బ్లేడుతో గీసి కెమెరా వైరు మెలిపెట్టి టేపు చుట్టి ఉంది. టేపు జిగురు కరిగి ఊడిపోయింది. ఎన్నిరోజుల నుంచి కరెంటు కారిపోతోందో. ఫ్యాక్టరీలో వచ్చిన సాకెట్‌లోకి కప్లర్ పెట్టేదైతే సరే, లేకపోతే లేదు.

రంగు నీ ఇష్టం. నల్లటి పైకప్పు అందంగానే ఉంటుంది, ఎండలో నిలిపితే లోపల కాలుతుంది. మరి సన్‌రూఫ్ అంటావా, దాని గురించి నాకు పెద్ద పట్టింపు లేదు.

ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే చేయాలన్న రూలు లేదు. థర్డ్ పార్టీ మూడేళ్లకి తప్పనిసరి, సొంత డ్యామేజీది ఏడాదికి తీసుకోవచ్చు. బయట రెండు చోట్ల రేటు తెచ్చి వాళ్ల ముందు పెట్టు, వాళ్లదీ తగ్గుతుంది. జీరో డెప్ ఉండాలి, అంటే మార్చిన భాగాలకి పాతబడ్డాయని తరుగు కోయకూడదు. నీళ్లు పోయి ఇంజన్ పాడైతే ఆదుకునే ఇంజన్ ప్రొటెక్ట్ కూడా ఉండాలి, బెంగళూరుకి అది విలాసం కాదు. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు వైపు కార్లు ఎలా మునిగాయో గుర్తుంది కదా. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు, తోయించుకో. హ్యాండ్లింగ్ ఛార్జీ ప్రభుత్వానికి వెళ్లేది కాదు, దేనికో రాసివ్వమని అడుగు. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం తీసుకో, టర్బో బండికి అది దండగ కాదు.

డబ్బు పూర్తిగా కట్టే ముందు, రిజిస్ట్రేషన్‌కి పంపే ముందు, నీకిచ్చే బండినే యార్డులో చూడాలి. పగటిపూట, కడిగాక ఆరిన బండిని. సాయంత్రం లైట్ల కింద రంగు తేడాలు కనబడవు. ఛాసిస్ నంబరు రాసుకో, తయారైన నెల, సంవత్సరం అందులో ఉంటాయి, ఏ అక్షరం ఏమిటో అడిగి చెప్పించుకో. టైరు మీద చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. నాలుగు టైర్లవీ, స్టెప్నీదీ దగ్గరదగ్గరగా ఉండాలి. బోల్టుల తలల మీద రంగు గీసుకుపోయి ఉంటే దాన్ని ఎవరో విప్పారని అర్థం.

బండి చూడ్డానికి శుక్రవారం ఖాళీ పెట్టుకున్నావు కదా. నేను తెల్లవారుజామున మొదటి బస్సెక్కి చింతామణి మీదుగా వచ్చేస్తాను, పదికల్లా హోస్కోటె దాటుతాను. టార్చ్ నేను తెస్తాను, నువ్వు బుకింగ్ రసీదు, ఆధార్ కార్డు పెట్టుకో. అప్పటిదాకా అడ్వాన్స్ కాకుండా పైసా కూడా కట్టకు.

మీ అత్త నీకు ఇష్టమని వేరుశనగ పొడి కొడుతోంది, తెస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య