తెల్ల వైన్ చప్పగా వస్తోంది, పులుపు నిలవాలంటే?

ప్రశ్న: చల్లని కొండవాలు మీద మా కుటుంబానికి ద్రాక్ష తోట ఉంది. రీస్లింగ్, సావిన్యోన్ బ్లాంక్ రకాలు వేశాం. రసాయన ఎరువులు, కలుపు మందులు మానేశాం. ఏటా పశువుల ఎరువు, కట్టెల బూడిద, రసం తీయగా మిగిలిన పిప్పి తోటకే వేస్తున్నాం. పోయిన కోతలో బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం) 23.5 వచ్చేదాకా ఆగాం. రసం పి.హెచ్. (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.55, ఆమ్లం లీటరుకు 5.4 గ్రాములు ఉంది. వైన్ చప్పగా వచ్చింది. ట్యాంకు గోడలకు తెల్లటి పలుకులు పట్టాయి. చలికాలం పోయాక వైన్‌లో మళ్లీ బుడగలు లేచాయి. నాలుకకు చురుక్కుమని తగిలే తెల్ల వైన్ రావాలంటే ఏం చేయాలి? బూజు తెగులుకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) ఎంతవరకు వాడవచ్చు? సాళ్ల మధ్య గొర్రెలను మేపుకోవచ్చా?

జవాబు: తీపితో పాటు పి.హెచ్., ఆమ్లం కూడా కొలిచి రాశారు, చాలా మేలు చేశారు. ఆ రెండూ లేకపోతే నేను ఊహించి చెప్పాల్సి వచ్చేది. మీ అంకెలను బట్టి చూస్తే, ద్రాక్ష ట్యాంకులోకి చేరక ముందే పులుపు తగ్గిపోయింది. తోటకు పొటాష్ (పొటాషియం) ఎక్కువైంది, కోత ఆలస్యమైంది. బుడగలు లేవడానికి కూడా మూలం అక్కడే ఉంది.

ముందు పొటాష్ సంగతి. ద్రాక్ష పులుపంతా దాదాపుగా టార్టారిక్, మాలిక్ అనే రెండు ఆమ్లాలదే. నేలలో పొటాష్ దండిగా దొరికితే తీగ తన అవసరానికి మించి లాక్కుని కాయలకు, ముఖ్యంగా తొక్కలకు చేరవేస్తుంది. అక్కడ అది ఆమ్లాన్ని విరిచేస్తుంది, పి.హెచ్. పెరుగుతుంది. పులిసేటప్పుడు, ఆ తర్వాత చలిలో, మిగిలిన టార్టారిక్ ఆమ్లం కొంత పొటాషియంతో కలిసి పలుకులుగా అడుగుకు దిగుతుంది. మీ ట్యాంకు గోడలకు పట్టినవి ఇవే. చల్లబడితే ఏ వైన్‌లోనైనా కొన్ని పలుకులు దిగడం మామూలే, వాటిని చూసి కంగారు పడనక్కర్లేదు. కానీ చల్లని ప్రాంతపు రసంలో పి.హెచ్. 3.55 ఉండటం మామూలు కాదు. పశువుల ఎరువు, పిప్పి, బూడిద మూడింటిలోనూ పొటాష్ పుష్కలం. పైగా బూడిద క్షారగుణం ఉన్నది. తోటలోంచి వచ్చింది తోటకే తిరిగి వెళ్లాలన్న మీ ఆలోచన మంచిదే, దాన్ని వదులుకోమనను. ఏది ఎంత వెళుతోందో మాత్రం కొలవాలి.

బూడిద ఇప్పుడే పూర్తిగా ఆపండి. పిప్పిని బాగా చివికించి వేరే పంటలకు వాడుకోండి. పశువుల ఎరువు వేసేముందు మట్టి పరీక్షతో పాటు, నిండు పూత సమయంలో ఆకు కాడల పరీక్ష చేయించండి. తీగలోకి నిజంగా ఎంత పొటాష్ వెళ్లిందో మట్టి కంటే ఆకు కాడే సరిగ్గా చెబుతుంది. అదే పరీక్షలో మెగ్నీషియం కూడా చూడమనండి. పొటాష్ మితిమీరితే మెగ్నీషియం అందదు. కొమ్మ అడుగున ఉన్న ముదురు ఆకులను ఒకసారి గమనించండి. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపు తిరుగుతుంటే నా అనుమానం ఇంకా బలపడుతుంది.

ఎరువు తగ్గిస్తే నత్రజని చాలదేమోనని భయపడకండి. ఒక సాలు విడిచి ఒక సాలులో క్లోవర్ లాంటి పప్పుజాతి పైరు పెంచి, పూతకొచ్చినప్పుడు కోసి అక్కడే పరిస్తే చాలు. ఉత్త గడ్డి పెంచేవారికి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. గడ్డి నీటికి, నత్రజనికి తీగతో పోటీ పడుతుంది. రసంలో ఈస్ట్ వాడుకోగల నత్రజని లీటరుకు 150 మిల్లీగ్రాముల కంటే బాగా తగ్గితే పులియడం మధ్యలో మందగిస్తుంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది.

ఇక కోత. కాయ మెత్తబడిన రోజు నుంచి మాలిక్ ఆమ్లం కరుగుతూనే ఉంటుంది. కాయ శ్వాసక్రియలో దాన్ని ఖర్చు చేసుకుంటుంది, వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. రాత్రులు చల్లగా ఉండే మీ కొండవాలులో ఈ ఖర్చు నెమ్మదిగా సాగుతుంది. మీ నేలకున్న అసలు భాగ్యం ఇదే. బ్రిక్స్ 23.5 దాకా ఆగి దాన్ని మీరే చేజార్చుకున్నారు. ఒక బ్రిక్స్‌కు సుమారు 0.55 నుంచి 0.6 శాతం మద్యం వస్తుంది. అంటే మీ వైన్ 13 శాతం దాటి, బరువుగా, వెచ్చగా తయారైంది. మీరు కోరుకునే వైన్‌కు 20 నుంచి 21.5 బ్రిక్స్ సరిపోతుంది. పి.హెచ్. 3.1 నుంచి 3.25 మధ్య, ఆమ్లం లీటరుకు 7 నుంచి 9 గ్రాముల మధ్య ఉన్నప్పుడు కోయండి. జర్మనీలోని మోసెల్ లోయలో రీస్లింగ్‌ను 8, 9 శాతం మద్యంతో, కాస్త తీపి మిగిల్చి సీసాల్లో నింపే వారున్నారు. ఆ తీపి మొహం మొత్తకుండా కాసేది పులుపే.

కోతకు మూడు వారాల ముందు నుంచి నమూనాలు తీయడం మొదలుపెట్టండి. మొదట నాలుగు రోజులకోసారి, దగ్గర పడ్డాక రోజు విడిచి రోజు చూడండి. ఉదయం పూట, సాళ్ల చివరి తీగలను వదిలేసి, సాలుకు రెండు వైపుల నుంచీ గుత్తి భుజాన ఒక కాయ, మధ్యలో ఒకటి, కొనన ఒకటి చొప్పున 100 నుంచి 200 కాయలు ఏరండి. కంటికి నచ్చిన కాయల మీదికి చేయి తనంతట తానే పోతుంది, కాబట్టి గుత్తిని చూడకుండా తుంచండి. అన్నింటినీ ఒక సంచిలో వేసి నలిపి, ఆ రసంలో బ్రిక్స్, పి.హెచ్., ఆమ్లం మూడూ కొలవండి. రకం వారీగా విడిగా రాసుకోండి. తర్వాత కొన్ని కాయలు నోట్లో వేసుకోండి. గింజ గోధుమరంగుకు తిరిగి, తొక్క నమిలితే పచ్చి ఆకు రుచి తగ్గి, దవడల పక్కన ఇంకా పులుపు జివ్వుమంటుంటే కోతకు మనుషులను పిలవండి.

పిందె కట్టిన తర్వాత, ఉదయపు ఎండ తగిలే వైపు మాత్రం గుత్తుల దగ్గరి ఆకులు దూయండి. ఆకు దట్టంగా ముసిరితే గుత్తుల్లో పొటాషియం, పి.హెచ్. రెండూ పెరుగుతాయి. సావిన్యోన్ బ్లాంక్‌కు క్యాప్సికం వాసన పడుతుంది. గాలి ఆడక గుత్తులు కుళ్లుతాయి. మధ్యాహ్నపు ఎండ వైపు ఆకు అలాగే ఉంచండి, లేకపోతే కాయలు మాడతాయి.

చలి పోయాక లేచిన బుడగలు ఈస్ట్ పని అయి ఉండవు. లాక్టిక్ బ్యాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చి కార్బన్ డయాక్సైడ్ వదిలింది. మిగిలిన కాస్త పులుపూ అలా పోయింది. పి.హెచ్. 3.5 దగ్గర ఈ బ్యాక్టీరియాకు ఎదురుండదు, 3.2 లోపు అది అతి కష్టం మీద పెరుగుతుంది. వైన్ చెడకుండా కలిపే సల్ఫర్ డయాక్సైడ్ కూడా పి.హెచ్. మీదే ఆధారపడి పనిచేస్తుంది. 3.2 దగ్గర లీటరుకు 21 మిల్లీగ్రాముల స్వేచ్ఛా (వైన్‌లో దేనితోనూ కలిసిపోకుండా మిగిలిన) సల్ఫర్ డయాక్సైడ్ ఇచ్చే రక్షణ, 3.5 దగ్గర కావాలంటే దానికి రెట్టింపు కలపాలి. తక్కువ సల్ఫర్‌తో వైన్ చేయాలనుకునే కుటుంబం తోటలో పి.హెచ్. కాపాడుకోవాల్సిందే.

ట్యాంకు దగ్గరి పనులు క్లుప్తంగా చెబుతాను. తెల్లవారుజామున కోసి, గుత్తులను గుత్తులుగానే ప్రెస్‌లో వేయండి. తొక్కలతో నానబెట్టొద్దు. గట్టిగా ఒత్తాక చివర్లో వచ్చే రసంలో పి.హెచ్. ఎక్కువ ఉంటుంది, దాన్ని వేరుగా పట్టండి. 12 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య పులియనివ్వండి. పులియడం ముగియగానే సల్ఫర్ డయాక్సైడ్ కలిపి చల్లగా ఉంచండి, సీసాలో నింపేటప్పుడు 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి. వచ్చే కోతకే పొటాష్ పూర్తిగా దిగిరాదు కాబట్టి, అవసరమైతే పులియబెట్టక ముందే రసంలో టార్టారిక్ ఆమ్లం కలపవచ్చు. లీటరుకు ఒక గ్రాము కలిపితే పి.హెచ్. సుమారు 0.1 తగ్గుతుంది. మీ దగ్గరి నిబంధనలు దీన్ని అనుమతిస్తాయో లేదో ముందు కనుక్కోండి.

బోర్డో మిశ్రమాన్ని వారాల లెక్కన కొట్టకండి, వాతావరణం చూసి కొట్టండి. చిగుళ్లు 10 సెంటీమీటర్లు దాటి, వేడి 10 డిగ్రీలు దాటి, ఒక రోజు వ్యవధిలో 10 మిల్లీమీటర్ల వాన పడితే బూజు తెగులు మొదటిసారి అంటుకునే అవకాశం ఉంది. పిచికారీ ఆ వానకు ముందే జరగాలి. అందులోని రాగి నేలలో విరిగిపోదు, ఏటికేడు పేరుకుంటుంది, వానపాములకు చేటు. అందుకే యూరోపియన్ యూనియన్ 2019 నుంచి హెక్టారుకు 7 ఏళ్లలో మొత్తం 28 కిలోల రాగికి పరిమితి పెట్టింది. అంటే ఏడాదికి సగటున 4 కిలోలు. మీరూ ఆ గీత లోపలే ఉండండి. కోతకు దగ్గరలో కొడితే సావిన్యోన్ బ్లాంక్ సువాసనలను కూడా రాగి కట్టేస్తుంది. బూడిద తెగులుకు గంధకం వాడుతుంటే కోతకు ఐదు వారాల ముందే ఆపేయండి. కొత్త సాళ్లు నాటే ఆలోచన ఉంటే, రీస్లింగ్ సంకరంతో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో 1968లో రూపొందించిన యోహానిటర్ లాంటి తెగుళ్లను తట్టుకునే రకాన్ని ఒక సాలులో వేసి చూడండి. పిచికారీలు బాగా తగ్గుతాయి.

గొర్రెల విషయంలో తొందరపడొద్దు. పశువులన్నింటిలోకీ రాగిని తట్టుకోలేనిది గొర్రె. టెక్సెల్ లాంటి జాతులైతే మరీ సున్నితం. గడ్డి మీద పడిన రాగి వాటి కాలేయంలో నెలల తరబడి పైకి ఏమీ తెలియకుండా పేరుకుని, ఏదో ఒత్తిడి తగిలిన రోజు ఒక్కసారిగా రక్తంలోకి విడుదలవుతుంది. ఆకు రాలినప్పటి నుంచి మొగ్గ ఉబ్బే వరకు మాత్రమే మేపండి, అదీ సాళ్ల మధ్య గడ్డిలో రాగి ఎంతుందో పరీక్ష చేయించాకే. పిచికారీల కాలంలో మందను తోట దరిదాపులకు రానివ్వొద్దు. రాగి కలిపిన ఖనిజ లవణ మిశ్రమం వాటికి పెట్టొద్దు. ఏ గొర్రె అయినా మేత మానేసి, కళ్లు పసుపుపచ్చగా మారి, మూత్రం ఎర్రగా పోస్తే, మందనంతా వెంటనే తోట బయటికి తోలి అదే రోజు పశువైద్యుడిని పిలిపించండి.