‘ఎ వీక్ అవే’ సినిమాలో చూపించినట్టు క్రైస్తవ వేసవి శిబిరాల్లో పిల్లలు నిజంగా అంతలా పాడతారా?

పాడతారు. సినిమాలోకన్నా ఎక్కువే పాడతారు. నేను గుంటూరులో చర్చి యువజన కూడికల మధ్య పెరిగాను. ఇప్పుడు టెనెసీలో, నాష్‌విల్‌కు దగ్గరలో ఉంటున్నాను. ఆ సినిమా తీసింది కూడా ఈ చుట్టుపక్కలే. మా చర్చి సంఘం ఏటా జులైలో వారం రోజులు జరిపే పిల్లల శిబిరంలో నాది వంటగది పని.

2021 మార్చిలో ఆ సినిమా నెట్‌ఫ్లిక్స్‌లోకి రాగానే మా అమ్మాయితో కలిసి చూశాను. పోలీసు కారు దొంగిలించిన విల్ అనే అనాథ కుర్రాడు, బాలనేరస్థుల కేంద్రానికి వెళ్లడం తప్పించుకోవడానికి శిబిరానికి వస్తాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం జట్ల పోటీలు, మధ్యలో ప్రేమ. ఆ ప్రేమ కథ లేకపోయినా నాకేమీ లోటుండేది కాదు. నాకు నచ్చింది అమెరికా క్రైస్తవ గాయకుల పాత పాటల్ని మళ్లీ పిల్లల నోట పలికించడం. స్టీవెన్ కర్టిస్ చాప్‌మన్ 1992 నాటి ‘ది గ్రేట్ అడ్వెంచర్’, రిచ్ మల్లిన్స్ 1988 నాటి ‘ఆసమ్ గాడ్’ ఇక్కడి తల్లిదండ్రులు తమ పదహారో ఏట పాడుకున్నవి. ఇదంతా పిల్లల తీపి మిఠాయి అని కొట్టిపారేసేవాళ్లు ఒక్క శిబిరానికైనా వెళ్లి ఉండరు.

విల్ లాంటి పిల్లవాడు ప్రతి శిబిరంలోనూ ఒకడుంటాడు. రెండేళ్ల క్రితం మాకూ వచ్చాడు. పద్నాలుగేళ్లుంటాయి. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే వెనక బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చునేవాడు. మూడో రాత్రి గిన్నెలు కడిగే వంతు అతనిది. మోచేతుల దాకా నురగ, కుళాయి ధారగా పారుతోంది. ఆ చప్పుడులో ఎవరికీ వినపడదనుకున్నాడేమో, ‘ఆసమ్ గాడ్’ పల్లవి మెల్లగా కూనిరాగం తీశాడు. నేను తల తిప్పకుండా పళ్లాలు తుడుస్తూనే రెండో స్వరం అందుకున్నాను. ఠక్కున ఆపేశాడు. నేను ఆపలేదు. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి కుళాయి కట్టేసి.

“మ్యామ్, ఈ పాట మీ దేశంలో కూడా ఉందా?” అని అడిగాడు. హాస్టల్లో ఒకే ఒక్క క్యాసెట్టును టేపు నలిగేదాకా తిప్పి నేర్చుకున్నామని చెప్పాను. నలిగిన టేపును పెన్సిలుతో ఎలా చుట్టేవాళ్లమో చూపించమన్నాడు. గరిటె కాడతో చూపించాను.

ఇది రాస్తుంటే మన కూడికలే గుర్తొస్తున్నాయి. రోజుకు మూడు ప్రసంగాలు, పాటకు పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మైకు పెద్దలదే. కీబోర్డు హోరులో పిల్లవాడి గొంతు వాడికే వినపడదు. బైబిలు వాక్యం వద్దని నేననను. కానీ నలుగురిలో నిలబడి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పమంటే తలదించుకునే పిల్లవాడు పాటలో తన మనసు చెప్పుకుంటాడు. పాస్టరుగార్లు దయచేసి ఒక్క పూట మైకు కట్టేసి చూడండి.

మర్నాడు ఉదయం ఆరింటికి నేను వంటగది తలుపు తీసేసరికి ఆ అబ్బాయి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు వంతు అతనిది కాదు.