మీ ప్రశ్నలు, మా జవాబులు: పేద దేశాలు బాగుపడేది ఎలా?

పోయిన సంచికలో పేద దేశాల గురించి నాలుగు ముక్కలు రాశాక గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్ని ఇవి. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్ర: 1960 ప్రాంతంలో దక్షిణ కొరియా, ఘనా ఆదాయంలో ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉండేవని మా లెక్చరర్ చెప్పారండి. మరి కొరియా అంత పైకి ఎలా వెళ్లింది? వాళ్లు బాగా కష్టపడతారు కాబట్టేనా?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జ: కష్టమే కొలత అయితే, అమ్మా, మన కోనసీమలో ఊడ్పులకెళ్లే ఆడవాళ్లు ఈపాటికి మేడలు కట్టేసి ఉండాలి. కొరియాలో ముందు జరిగింది భూమి పంపకం. 1950 ప్రాంతంలో ఒక్కో రైతు కుటుంబానికి మూడు హెక్టార్లు, అంటే మన ఏడున్నర ఎకరాలకు మించి ఉండకూడదని గీత గీసి, మిగతాది కౌలుకు చేసేవాళ్లకే వాయిదాల మీద ఇచ్చేశారు. పంటలో పెద్ద వాటా భూస్వామికి కొలిచే బాధ తప్పింది, మిగిలిన దాంట్లో చాలామంది ముందు పిల్లల్ని చదివించుకున్నారు. తైవాన్ కూడా 1953లో ఇదే పని చేసింది. (మనకీ 1973లో సీలింగ్ చట్టం, అంటే ఇంతకు మించి భూమి ఉండకూడదనే చట్టం, వచ్చింది. అప్పట్లో ఎవరెవరి పేర్ల మీదికి ఎంత భూమి మారిందో మీ తాతగారిని అడుగు, నవ్వుతారు.)

ఆ తర్వాతే ఫ్యాక్టరీలు. మొదట్లో వాళ్లు అమ్మింది కార్లూ ఫోన్లూ కాదు, విగ్గులు, ప్లైవుడ్, చొక్కాలు. 1961లో అధికారం లాక్కున్న పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం కంపెనీలకు చవగ్గా అప్పులిచ్చింది గానీ, ఇంత సరుకు విదేశాలకు అమ్మి చూపించాలని పట్టుబట్టింది. సబ్సిడీ తిని కూర్చుంటామంటే కుదరలేదు. 1973కల్లా పోహాంగ్‌లో సొంతంగా ఉక్కు తీశారు. ఇదంతా చదివి నియంత ఉంటేనే దేశం బాగుపడుతుందని మాత్రం అనుకోవద్దు, ఆ మాట మన టీ కొట్ల దగ్గర రోజూ వినపడుతుంది, వింటే నాకు ఒళ్లు మండుతుంది. కాంగోని మొబుటు 1965 నుంచి 1997 దాకా నియంతగానే ఏలాడు, ఏం మిగిల్చాడు? కొరియాలో కూడా ఆ ఎదుగుదల బరువు మోసింది తక్కువ కూలికి, నోరెత్తే వీలు లేకుండా, రాత్రింబవళ్లు కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడపిల్లలు.

ఇక ఘనా. వాళ్ల పంట కోకో, మన కొబ్బరితోటల్లో అంతరపంటగా వేస్తున్నారే, అదే. పంట కొనేది ప్రభుత్వ బోర్డు, ప్రపంచ ధరలో రైతు చేతికిచ్చింది కొంచెం. రైతులకి తోటల మీద ఆశ పోయింది, కొంత సరుకు దొంగచాటుగా పక్కనున్న ఐవరీకోస్ట్‌కి దాటింది, 1980ల మొదటికల్లా దిగుబడి బాగా పడిపోయింది. మధ్యలో 1966 నుంచి సైనిక కుట్రలు ఒకటి తర్వాత ఒకటి.

ప్ర: మా కాళ్ల కింద గ్యాస్ ఉంది. 1995లో పాసర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంటలు చూశాం, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైన్ పేలుడు చూశాం, ఉద్యోగాలు మాత్రం చూడలేదు. మా ఇంట్లో ఇద్దరు కువైట్‌లోనే ఉన్నారు. భూమిలో సంపద ఉంటే ఆ ప్రాంతం బాగుపడాలి కదండీ?
– రాజోలు

జ: పడాలని రూలేమీ లేదండి. నైజీరియాలో 1956లోనే చమురు పడింది, అక్కడి పేదరికం ఇప్పటికీ చూస్తున్నాం. బోట్స్వానా కథ కాస్త నయం. 1966లో స్వాతంత్ర్యం వచ్చింది, మరుసటి ఏడాది వజ్రాలు దొరికాయి, డీబీర్స్ అనే వజ్రాల కంపెనీతో కలిసి పెట్టిన సంస్థలో ప్రభుత్వం బేరమాడి సగం వాటా తెచ్చుకుని ఆ డబ్బు రోడ్లకీ బడులకీ పెట్టింది. అయినా ఈ రోజుకీ వాళ్ల బతుకు వజ్రాల మీదే, ల్యాబ్‌లో తయారైన వజ్రాలు మార్కెట్లోకి వచ్చేసరికి వాళ్లకి టెన్షన్ పట్టుకుంది. గ్యాస్ బావికి కావాల్సింది యంత్రాలు, కొద్దిమంది నిపుణులు. ఊరి కుర్రాళ్లకి దక్కేది గేటు దగ్గర సెక్యూరిటీ పని.

కువైట్ మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. గల్ఫ్‌కి కొరియావాళ్లు కూడా వెళ్లారు. 1976లో సౌదీలోని జుబైల్ ఓడరేవు కాంట్రాక్టు హ్యుందాయ్‌కి దక్కింది, కొరియా నుంచి ఇంజనీర్లనీ కూలీలనీ వెంటబెట్టుకుని వెళ్లింది. పని అయ్యాక వాళ్లు ఇంటికి డబ్బే కాదు, సముద్రంలో ఓడరేవు కట్టే విద్య కూడా తెచ్చుకున్నారు. మన కోనసీమ ఆడవాళ్లు అప్పు చేసి ఏజెంటుకి కట్టి, ఒంటరిగా వెళ్లి, ఎవరింట్లోనో వంటా అంట్లూ చూసుకుంటారు. వాళ్లు పంపిన డబ్బుతో ఇంటికి స్లాబు పడుతుంది, పిల్ల ఇంజనీరింగ్ చదువుతుంది, అది తక్కువ సంగతి కాదు, కానీ ఆ చదువుకున్న పిల్లకి రాజోలులో చేయడానికి పని పుట్టదు. గ్యాస్ కానివ్వండి, గల్ఫ్ కానివ్వండి, విదేశీ సాయం కానివ్వండి, ఎంత వచ్చిందని కాదు, నిన్న చేతకాని పని ఇవాళ మనవాళ్లకి చేతనయ్యిందా లేదా అన్నదే నేను చూసే లెక్క.

ప్ర: అప్పులు చేసే బదులు నోట్లు అచ్చేసి పేదలకి పంచితే పోలే?
– భీమవరం

జ: జింబాబ్వే అచ్చేసింది. 2009 జనవరిలో కోటి కోట్ల డాలర్ల నోటు కూడా తెచ్చింది, ఆ ఏడాదే సొంత కరెన్సీని పక్కన పడేసి అమెరికా డాలర్లతో బియ్యం, నూనె కొనుక్కుంది.

ప్ర: 1852లోనే మనకి ధవళేశ్వరం ఆనకట్ట వచ్చేసింది. నీళ్లున్నాయి, బంగారం లాంటి నేల ఉంది. ఇరవై ఏళ్లుగా కౌలు చేస్తున్నా నేను ఇంకా అప్పుల్లోనే ఎందుకున్నానండి?
– మండపేట దగ్గర పల్లె

జ: ఆనకట్టకి ముందు ఈ జిల్లాలు కరువులతో, తుపానులతో ఖాళీ అయిపోతుండేవి. 1847లో కాటన్ పని మొదలుపెట్టాడు, ఐదేళ్లలో అయిపోయింది, డెల్టా రూపే మారిపోయింది. ఆ తర్వాత కొత్త వంగడాలు తీసే విద్య కూడా వచ్చింది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వరిని ఒడిశా, బెంగాల్ రైతులు కూడా వేస్తారు. అంటే నీళ్లకీ విత్తనానికీ లోటు లేదు. లోటల్లా, వాటివల్ల పెరిగింది ఎవరి చేతికి వెళ్తోంది అన్న దగ్గరే. నీళ్లొస్తే కౌలు పెరుగుతుంది, కొత్త వంగడం వస్తే కౌలు పెరుగుతుంది, మద్దతు ధర పెరిగినా కౌలే పెరుగుతుంది. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, మీ చేలో మిగిలింది అక్కడెక్కడో అపార్ట్‌మెంట్ అవుతుంది. కొరియా 1950లో తెగ్గొట్టిన ఈ భూస్వామి, కౌలు ముడి మన దగ్గర ఇంకా అలాగే ఉంది.

2019లో కౌలుదార్లకి సాగు హక్కు కార్డులు తెచ్చినప్పుడు కూడా ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలన్నారు. ఎక్కడ హక్కు అడుగుతాడో అని ఆయన పెట్టరు, కార్డు లేకుండా ఒంటరిగా వెళ్తే బ్యాంకు అప్పివ్వదు, వెనక్కి తిరిగితే అప్పివ్వడానికి ధాన్యం కమీషన్ వ్యాపారి ఉంటాడు. దీనికి తోడు ముంపు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా మానేసినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు అడిగింది మురుగు కాల్వలు బాగుచెయ్యమనే. కొత్త కాల్వకైతే శంకుస్థాపన ఉంటుంది, ఫొటో ఉంటుంది, మురుగు కాల్వలో గుర్రపుడెక్క తీస్తే ఎవరు ఫొటో దిగుతారు?

ఈ ఏడాదికి మీరు చేయగలిగింది ఒకటుంది. ఒకరినొకరు నమ్మే నలుగురైదుగురు కౌలుదార్లు కలిసి ఉమ్మడి పూచీ సంఘంగా, అదే జేఎల్‌జీగా, బ్యాంకుకి వెళ్లండి. పట్టా లేనివాళ్ల కోసమే నాబార్డు ఆ పద్ధతి పెట్టింది, భూమి కాగితాల బదులు ఒకరికొకరు పూచీ ఉంటే చాలు. మేనేజర్ మొదటిసారి తిప్పి పంపుతారు, వ్యవసాయాధికారిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి, సార్వా పెట్టుబడులు మొదలవ్వకముందే వెళ్లండి.