నరం అన్న మాట దగ్గర ఆగాను

అమ్మా, ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆరోగ్య వ్యాసం రెండుసార్లు చదివాను. మూడో పేరాలో "నరంలో రక్తం గడ్డకట్టి" అన్న చోట ఆగిపోయాను. ఆ ఒక్క మాట గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ఉత్తరం ఇంత పొడుగైంది.

నరం అన్న మాటతో మనం ఎన్ని పనులు చేయించుకుంటామో చూడు. సెలైన్ ఎక్కించేది నరానికి. పిక్క పట్టేస్తే "నరం పట్టేసింది" అంటాం. అరికాళ్లు తిమ్మిరెక్కితే "నరాల బలహీనత" అంటాం. మొదటిది సిర అనే రక్తనాళం, రెండోది కండరం, మూడోది స్పర్శను మెదడుకు చేరవేసే నాడి. మాట్లాడుకునేటప్పుడు చిక్కేమీ లేదు, మనిషి చెయ్యి పెట్టి చూపిస్తాడు. కాగితం మీద ఆ చెయ్యి ఉండదు. నువ్వు రాసింది కాలి సిరలో ఏర్పడ్డ గడ్డ గురించి. అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనిలో గడ్డ అడ్డుపడితే పక్షవాతం. రెంటినీ "నరంలో గడ్డ" అనేస్తే చదివినవాళ్లు దేనికి భయపడాలి, ఏ లక్షణం కోసం కనిపెట్టుకుని ఉండాలి? నాడి అన్న మాటనూ పూర్తిగా నమ్మకు. "నాడి చూశారు" అన్నప్పుడు మణికట్టు దగ్గర కొట్టుకునేది ధమనే. అందుకని నేను మొదటిసారి పనితో కలిపి రాస్తాను: "కాలి నుంచి రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే సిర" అని. ఆ తర్వాత సిర అంటే చాలు.

కడుపు కూడా ఇలాంటిదే. జీర్ణాశయమూ కడుపే, గర్భమూ కడుపే, పేగులన్నీ కలిపీ కడుపే. పైకడుపా, పొత్తికడుపా, బొడ్డు చుట్టూనా అని రాస్తే సగం చిక్కు తీరుతుంది.

గుండె దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయి. గుండెపోటు, గుండె ఆగిపోవడం, గుండె వైఫల్యం ఒకటే అనుకుని వార్తల్లో ఒకదాని చోట ఒకటి వాడేస్తున్నారు. గుండెపోటులో గుండె కండరానికి రక్తం అందించే ధమని మూసుకుపోతుంది. ఛాతీలో బరువు, చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, చెమటలు ఉండొచ్చు. మనిషి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, ఆసుపత్రికి చేర్చే వ్యవధి ఉంటుంది. గుండె ఆగిపోవడం అలా కాదు. మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు, పిలిస్తే పలకడు, సరిగా ఊపిరి తీసుకోడు. అంబులెన్సుకు ఫోన్ చేయించి, పక్కనున్నవాళ్లే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఇక గుండె వైఫల్యం అంటే గుండె పని మానేసిందని కాదు, ఒంటికి కావలసినంత రక్తం పంపలేకపోతోందని. ఆయాసం, కాళ్ల వాపు కనిపిస్తాయి. మందులతో ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లున్నారు. ఆ "వైఫల్యం" అన్న మాట చీటీ మీద చూసి ఇక అంతా అయిపోయిందని ఏడ్చిన మనిషిని నేను చూశాను. అప్పటి నుంచి ఆ మాటను వివరణ లేకుండా ఎక్కడా వదల్లేదు.

పాత పేర్లంటే నాకు ఇష్టం. ధనుర్వాతం అన్నవాళ్లు, ఒళ్లు విల్లులా వెనక్కి వంగిపోవడాన్ని కళ్లారా చూసి ఉంటారు. కానీ పేరు చివర ఉన్న "వాతం" అన్న తోకను బట్టి చుట్టరికాలు కలపకు. పక్షవాతం మెదడుకు రక్తం అందక గానీ, అక్కడ రక్తనాళం చిట్లి గానీ వస్తుంది. ధనుర్వాతం గాయంలో చేరిన బ్యాక్టీరియా విషం వల్ల వస్తుంది. కీళ్లవాతంలో ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడుతుంది. వాతం ఒక్కటే, రోగాలు మూడు.

మందుల పేర్లలో మాత్రం తోక నిజం చెబుతుంది, ఒకే కుటుంబం మందుల పేర్లు ఒకేలా ముగుస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో తీర్మానించి, 1953 నుంచి మందులకు అంతర్జాతీయ జనరిక్ పేర్లు, అంటే ఏ కంపెనీకీ చెందని అసలు పేర్లు, ప్రకటిస్తూ వస్తోంది. అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్ట్రాల్ తగ్గించే ఒకే కుటుంబం. ఎనలాప్రిల్, రామిప్రిల్ రక్తపోటు మందుల్లో ఒక కుటుంబం. అమాక్సిసిల్లిన్ పెన్సిలిన్ జాతిది. పెన్సిలిన్ పడని మనిషికి ఆ చివరి "సిల్లిన్" ఒక హెచ్చరిక. అందుకే కంపెనీ పెట్టిన పేరు కాకుండా జనరిక్ పేరే రాయి. జలుబు మాత్రలోనూ పారాసెటమాల్ ఉంటుంది, జ్వరం మాత్రలోనూ ఉంటుంది. పైపేర్లు వేరు కాబట్టి రెండూ వేసుకుంటే మోతాదు మించి కాలేయం దెబ్బతినొచ్చు. కొన్ని దేశాల్లో అదే మందును ఎసిటమినోఫెన్ అంటారు, ఆ సంగతీ ఒక వాక్యంలో చెప్పు.

మోతాదు విషయంలో నా తప్పు ఒకటి చెబుతాను. థైరాయిడ్ గురించి రాస్తూ లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు అనాల్సిన చోట 50 మిల్లీగ్రాములు అని రాశాను. వెయ్యి రెట్లు తేడా. ప్రూఫులు చూసిన పెద్దాయన పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ అంకె పక్కన కొలతను పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా రాసి, పైకి చదివి చూసుకుంటాను.

అన్నిటికంటే నా మనసుకు దగ్గరైనవి అనుభూతి మాటలు. పోటు, సలుపు, తీపు, మంట, గుంజు, చురుక్కుమనడం, జివ్వుమనడం: వీటన్నిటినీ "నొప్పి" అని ఒక్క మాటలో తేల్చేయకు. రొనాల్డ్ మెల్జాక్ 1975లో రోగులు చెప్పే 78 మాటలను 20 గుంపులుగా చేసి నొప్పిని కొలిచే ప్రశ్నావళి తయారుచేశాడు. మాట మారితే కారణమూ మారొచ్చు. మంటా, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడమూ నాడి దెబ్బతిన్నప్పుడు తరచుగా వినిపించే మాటలు. "కళ్లు తిరుగుతున్నాయి" అన్నవాళ్లను ఇంకో ప్రశ్న అడుగు: చుట్టూ ఉన్నవి గిర్రున తిరుగుతున్నాయా, కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయా? మొదటిది చాలాసార్లు లోపలి చెవి సమస్య. రెండోది రక్తపోటు పడిపోయి స్పృహ తప్పబోతున్న సూచన కావచ్చు.

భ్రాంతి అన్న మాటనూ ఇలాగే విడదీయాలి. తాడును చూసి పామనుకోవడం రజ్జుసర్పభ్రాంతి, అక్కడ తాడైనా ఉంది. ఏమీ లేనిచోట మనిషి కనిపించడం వేరు. షార్ల్ బొనే అనే స్విస్ శాస్త్రవేత్త 1760లో చూపు తగ్గిన తన తాతగారికి లేని మనుషులు, కట్టడాలు కనిపించడం గురించి రాశాడు. ఆ పెద్దాయన బుద్ధి చక్కగానే ఉంది. చూపు బాగా తగ్గినవాళ్లలో ఇది ఇప్పటికీ కనిపిస్తుంది. తమకు మతి చలించిందేమోనన్న భయంతో వాళ్లు ఎవరికీ చెప్పుకోరు. నువ్వు వాడే మాట ఆ భయాన్ని పెంచకూడదు.

షుగర్, బీపీ, కిడ్నీ, ఫిట్స్ లాంటి ఇంగ్లిషు మాటలు వాడటానికి మొహమాటపడకు. మూర్ఛ అంటే కొందరికి స్పృహ తప్పడం, కొందరికి ఫిట్స్. అలాంటి చోట ఫిట్స్ అన్నదే స్పష్టం.

చివరిగా ఒకటి. వ్యాసంతో పాటు పంపిన నోట్సు కూడా చదివాను. షుగర్ ఉన్న ఆ పెద్దావిడ "నేల మీద కాదు, దూది మీద నడుస్తున్నట్టుంది" అన్నారు. వ్యాసంలో దాన్ని తీసేసి "పాదాలలో స్పర్శలోపం" అని పెట్టావు. ఆవిడ మాట ఆవిడకు తిరిగి ఇచ్చెయ్యి. స్పర్శలోపం దాని పక్క వాక్యంలో రానీ. పాదానికి దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి రోజూ అరికాళ్లు చూసుకోవాలన్నది ఆ వెంటనే రావాలి. నరం ఉన్న చోట్లన్నీ సరిచేసి మళ్లీ పంపు, ఎదురుచూస్తుంటాను.